కొత్త ఇంటికి వాన గట్టర్లు పెట్టించాలా, అనంతపురంలో అవి దండగా?

కొత్తిల్లు_అనంత

నమస్కారం. అనంతపురం ఊరి చివర కొత్త ఇల్లు. తూర్పు ముఖం, 36×55 స్థలం. స్లాబు 28×40 అడుగులు, చుట్టూ 3 అడుగుల పిట్టగోడ. ప్లాస్టరింగ్ నడుస్తోంది. రెండు చోట్ల గట్టర్ల (చూరు అంచున వాననీళ్లు పట్టి పైపులోకి పంపే తొట్టెల) సంగతి తేల్చుకోవాలి.

ముందు సిటౌట్ (వరండా) మీద వాలు స్లాబు వేసి మంగళూరు పెంకు పరుస్తున్నాం. చూరు పొడవు 12 అడుగులు, వాలు వెంట 8 అడుగులు. చూరు కిందే మెట్లు వస్తాయి.

మిద్దె మీద వెనకవైపు రేకుల షెడ్డు 28×16. రంగు పూత ఉన్న గాల్వాల్యూమ్ (జింకు, అల్యూమినియం కలిపి పూసిన ఇనుప) రేకు. వాలు పడమటికి, అంటే వెనక ప్రహరీ వైపు. రేకు పిట్టగోడ దాటి ఒక అడుగు బయటికొస్తుంది. ఆ వైపు మాకున్నది 4 అడుగుల సందు, ఆ తర్వాత వేరేవాళ్ల స్థలం.

"మన ఊళ్లో వాన యాడ పడతాది సార్, గట్టర్లు దండగ" అంటున్నాడు మేస్త్రీ. స్లాబు నీళ్లకు 3 అంగుళాల పైపులు రెండు వదిలాడు. నేల ఎర్రమట్టి. గట్టర్లు పెట్టించాలా వద్దా, పెట్టిస్తే దేనివి, ఎంత సైజు? షెడ్డు ఫ్రేమ్ వెల్డింగ్ ఇంకా మొదలుకాలేదు.

ఎర్రమట్టి

మేస్త్రీ చెప్పింది సగం నిజమే అన్నా. ఏడాదికి 550 మి.మీ. అటూఇటూ పడే ఊరు మనది. గట్టరు పెడితే జూన్ నుంచి ఆగస్టు దాకా కొట్టే గాలికి ఎర్రదుమ్మంతా దాంట్లోకే చేరుతాది. నాలుగు చినుకులు పడితే అది బురద, ఎండితే పెంకు. రెండేళ్లకు రావిమొక్క మొలుస్తాది. కోతులు తిరిగే కాలనీ అయితే పీవీసీ గట్టరు ఊయలే వాటికి.

పెంకు చూరు నీళ్లు కింద గులకరాళ్ల పట్టీ మీద పడనిస్తే చాలు. షెడ్డు వాలు తిప్పి లోపలికి పెట్టుకో. నీళ్లు నీ స్లాబు మీదే పడతాయి, పక్కోళ్లతో గొడవ ఉండదు, గట్టరూ అక్కర్లేదు.

సైట్_ఇంజనీరు

ఏడాది మొత్తం వానను చూసి గట్టరును తేల్చరు. ఒక్క ఊపులో ఎంత పడుతుందన్నదే లెక్క. అనంతపురంలో వాన పడే రోజులు తక్కువ, కానీ సెప్టెంబరు, అక్టోబరులో ఉరుములతో వచ్చే వాన పది పదిహేను నిమిషాలు కుమ్మరిస్తుంది. ఊళ్లోని నడిమివంక వాగు పొంగి కాలనీలు మునిగింది కూడా 2022 అక్టోబరులోనే. ఏడాదికి 550 పడే ఊరైనా 1100 పడే ఊరైనా ఆ పది నిమిషాల వానకు పెద్ద తేడా ఉండదు. ఇళ్ల పైకప్పులకు మనం గంటకు 100 మి.మీ. వేగం పట్టుకుని లెక్క వేసేది అందుకే.

1 చదరపు మీటరు మీద 1 మి.మీ. పడితే 1 లీటరు. మీ షెడ్డు 28×16 అంటే 448 చదరపు అడుగులు, 41.6 చ.మీ. గంటకు 100 మి.మీ. వేగంలో నిమిషానికి దాదాపు 69 లీటర్లు ఆ 28 అడుగుల అంచు నుంచి దూకుతాయి. రెండో అంతస్తు ఎత్తు నుంచి, 4 అడుగుల సందులోకి. పడమటి గాలి లేకపోతే అవి పక్కస్థలంలో పడతాయి, ఉంటే మీ వెనక గోడకు కొట్టుకుంటాయి. రెండూ కుదరవు. షెడ్డుకు గట్టరు తప్పదు.

సిటౌట్ 12×8 అంటే 8.9 చ.మీ., నిమిషానికి 15 లీటర్లు. అంటే ఒక బకెట్. దానికి గట్టరు లేకున్నా ఇల్లు కూలదు. కానీ కింద మెట్లున్నాయి గనుక వాన పడ్డప్పుడల్లా ఆ నీటి తెర కిందుగానే ఇంట్లోకి వెళ్లాలి.

ఇక మీరు అడగని సంగతే అసలు లోపం. స్లాబుకు 3 అంగుళాల పైపులు రెండు చాలవు. నేషనల్ బిల్డింగ్ కోడ్ పట్టికలో గంటకు 100 మి.మీ. వానకు ఒక్కో పైపు ఎంత కప్పును మోయగలదో ఉంది:

50 మి.మీ. పైపు: 6.6 చ.మీ.
65 మి.మీ.: 12 చ.మీ.
75 మి.మీ.: 20.4 చ.మీ.
100 మి.మీ.: 42.7 చ.మీ.
125 మి.మీ.: 80.5 చ.మీ.

మీ స్లాబు 1120 చదరపు అడుగులు, 104 చ.మీ. మేస్త్రీ పెట్టిన రెండు పైపులూ కలిపి మోసేది 41 చ.మీ. లోపే. మిగతా నీళ్లు పిట్టగోడల మధ్య నిలబడి మెట్లగది గడప దాటుతాయి. ప్లాస్టరింగ్ అయ్యేలోపే మార్పించండి.

కొత్తిల్లు_అనంత

ఇది ఊహించలేదు సార్. షెడ్డు కూడా స్లాబు మీదే కదా. మరి రెండింటి నీళ్లూ కలిపి లెక్క వేయాలా?

సైట్_ఇంజనీరు

వాన పడేది పైనుంచి గనుక మొత్తం విస్తీర్ణం 104 చ.మీ. దాటదు. షెడ్డు నీళ్లకు వేరే పైపు ఇస్తే స్లాబు మీద ఆరుబయట మిగిలేది 28×24, అంటే 62.4 చ.మీ. దానికి 4 అంగుళాల పైపులు రెండు (85 చ.మీ. మోస్తాయి). షెడ్డు గట్టరుకు 4 అంగుళాలది ఒకటి. 41.6కు 42.7 అంటే సరిగ్గా అంచు మీదుంది, ఆకు అడ్డం పడితే పొంగుతుంది. అందుకే గట్టరు రెండో చివర 3 అంగుళాల పైపు ఇంకొకటి పెట్టండి.

షెడ్డు వాలును లోపలికి తిప్పమన్న సలహా గురించి. ఎర్రమట్టి గారూ, పక్కస్థలం గొడవ తీరుతుందన్నది నిజం. కానీ షెడ్డు వెనకవైపు పడమట ఉంది. వాలు తూర్పుకు తిప్పితే ఎత్తు వైపు పడమటికి తెరుచుకుంటుంది. నైరుతి గాలి నేరుగా రేకు కిందికి దూరి పైకి లేపుతుంది. జల్లు కూడా షెడ్డు లోపలికే. తక్కువ వైపు గాలికి ఎదురుగా ఉండటమే మంచిది. పైగా 8 అడుగుల ఎత్తు నుంచి 69 లీటర్ల ధార ఒకే గీత మీద పడుతుంటే ఆ గీత వెంబడి వాటర్‌ప్రూఫింగ్ పూత ముందు పోతుంది.

ఎర్రమట్టి

గాలి సంగతి ఒప్పుకుంటాను సార్. తూర్పు దిక్కు షెడ్డు అయింటే నా మాటే నిలబడేది. పెంకు చూరు కాడ మాత్రం గులకరాళ్ల పట్టీ చాలు అనే అంటాను. చూరు గీతకు అటు 9 అంగుళాలు, ఇటు 9 అంగుళాలు, లోతు ఒక అడుగు. అడుగున 40 ఎం.ఎం. కంకర, పైన 20 ఎం.ఎం. ఎర్రమట్టి నీళ్లు తాగుతాది. చిందిన బురద గోడకంటదు.

రేకుపని_ఆదోని

మెట్లు లేని చోట గులకరాళ్ల పట్టీ బాగానే ఉంటాదన్నా. ఈయనకు చూరు కింద మెట్లున్నాయి, కంకర ఎక్కడ పోస్తాడు? పైగా షెడ్డు గట్టరు కోసం కొన్న రేకులోనే దీనికి కావాల్సిందీ వస్తాది. లెక్క చెప్తా.

జీఐ (జింకు పూసిన ఇనుప రేకు) షీటు 4 అడుగులు × 8 అడుగులు దొరుకుతాది. గట్టరుకు అడ్డంగా మొత్తం 16 అంగుళాలు పెట్టుకుంటే 48 అంగుళాల షీటులో వృథా లేకుండా మూడు పట్టీలు. ఆ 16 అంగుళాలను ఇట్లా మడవాలి: వెనక గోడ 5½, అడుగు 5, ముందు గోడ 4½, ముందు పెదవి 1. పెదవి లోపలికి మడిస్తే రేకుకు బిగువొస్తాది. వెనక గోడ ముందుదానికంటే అంగుళం ఎక్కువుండాల, ఇది మాత్రం మర్చిపోవద్దు. గట్టరు పొంగినా నీళ్లు ముందుకే పొర్లుతాయి, గోడ వైపు రావు. 18 అంగుళాలు అడిగితే షీటుకు రెండే పట్టీలొచ్చి 12 అంగుళాలు తుక్కుకు పోతాది.

షెడ్డు అంచు 28 అడుగులు. 8 అడుగుల పట్టీలు నాలుగు, 32 అడుగులు. మూడు అతుకులకు 4 అంగుళాల చొప్పున అడుగు పోతే 31. చివర్ల మూతలకు మడత పోగా సరిపోతాది. రెండో షీటులో మిగిలిన రెండు పట్టీలతో 15½ అడుగులు, సిటౌట్ 12 అడుగులకు చాలు. అంటే రెండింటికీ కలిపి రెండే షీట్లు.

మందం 0.8 మి.మీ. తీసుకోండి. షీటు 18, 19 కిలోలు తూగాల. 0.5 ఇచ్చి 0.8 అని రాసే షాపులుంటాయి, తూకం వేయించి తెచ్చుకోండి. కోతి కూర్చున్నా వంగకూడదంటే 0.8 కావాల.

పైపులాయన

పీవీసీ గట్టరు గురించి ఒక మాట. మన ఎండకు దాని సాగుడు ఎక్కువ. మీటరుకు, ఒక డిగ్రీకి 0.06 మి.మీ. 28 అడుగులంటే 8.5 మీటర్లు. శీతాకాలం తెల్లవారుజామున 15 డిగ్రీలు, మే నెల మధ్యాహ్నం గట్టరు ఒంటి మీద 55 దాకా. 40 డిగ్రీల తేడాకు 20 మి.మీ. సాగుతుంది, ముడుచుకుంటుంది. ఇనుప రేకయితే అదే లెక్కకు 4 మి.మీ. అన్ని అతుకులకూ సొల్యూషన్ పూసి బిగించేస్తే ఆ 20 మి.మీ.కు చోటుండదు, ఒక అతుకు ఊడుతుంది, లేదా బ్రాకెట్ నోరు విరుగుతుంది. పీవీసీ గట్టర్లు కారేది చాలావరకు ఇందుకే. సామాను నాసిరకం అనుకుని తిట్టుకుంటారు.

పీవీసీయే కావాలనుకుంటే రబ్బరు సీలు ఉన్న యూనియన్లు (రెండు ముక్కలను కలిపేవి) వాడాలి. ప్రతి ముక్క చివర 8 నుంచి 10 మి.మీ. ఖాళీ వదలాలి. సాధారణంగా యూనియన్ లోపల గీత ఉంటుంది, అక్కడిదాకే దూర్చాలి. రంగు తెలుపే మేలు.

కిందికి దిగే పైపులకు ఎస్‌డబ్ల్యూఆర్ (మురుగు, వాననీటికి వాడే పీవీసీ పైపు) తీసుకోండి. 4 అంగుళాలంటే షాపులో 110 ఎం.ఎం. అంటారు. టైప్ ఏ వాననీటికి, టైప్ బీ మరుగుదొడ్ల లైనుకు అని ఆ పైపుల భారతీయ ప్రమాణం ఐఎస్ 13592లో ఉంటుంది. వాననీటికి ఏ చాలు. కానీ అది 2.2 మి.మీ. మందం, బీ 3.2. రోజంతా ఎండ తగిలే పడమటి గోడకు బీ పెట్టుకోవడమే నయం. క్లాంపులు 4 అడుగులకొకటి. పైపును గోడలో పూడ్చి ప్లాస్టరింగ్ చేయమని అడుగుతారు కొందరు, చూడ్డానికి బాగుంటుందని. అడ్డం పడితే గోడ పగలగొట్టాలి, అతుకు కారితే ఆ చెమ్మ లోపలి గదిలో తేలుతుంది. వద్దు.

కొత్తిల్లు_అనంత

రేకుపని అన్నా, బ్రాకెట్లు, అతుకుల సంగతి కూడా చెప్పండి. ఇక్కడి ఫ్యాబ్రికేషన్ షాపతను అతుకులు వెల్డింగ్ చేస్తానంటున్నాడు.

రేకుపని_ఆదోని

వెల్డింగ్ వద్దు. 0.8 రేకుకు వెల్డింగ్ పెడితే జింకు పూత కాలిపోయి, తుప్పు అక్కడే మొదలు. రివెట్లు, సీలెంటు.

అతుకు ఇట్లా: పైనుంచి నీళ్లొచ్చే ముక్క లోపలికి, కింది ముక్క బయటికి. తిరగేస్తే ప్రతి అతుకూ నీళ్లకు నోరు తెరుచుకుని ఉంటాది. 4 అంగుళాల అతుకు మధ్యలో పాలీయురేతేన్ సీలెంటు రెండు వరుసలు వేసి, ముక్కలు కూర్చి, ఒకటిన్నర అంగుళానికొక రివెట్టు, రెండు వరుసలు, ఎదురెదురుగా కాకుండా ఒకటి విడిచి ఒకటి. రివెట్టు తలల మీద మళ్లీ సీలెంటు. సిలికాన్ అయితే వెనిగర్ వాసనొచ్చేది వాడొద్దు. ఆ పులుపు జింకును తింటాది. న్యూట్రల్ రకం అని అడగండి.

బ్రాకెట్లకు 25×5 ఫ్లాట్ పట్టీ, 2 అడుగులకొకటి. షెడ్డుకు 15, సిటౌట్‌కు 7, మొత్తం 22. ఎందుకు అంత దగ్గర అంటే, 5 అంగుళాల అడుగు, 4½ ముందు గోడ నిండితే అడుగు పొడవుకు నాలుగున్నర లీటర్లు. 28 అడుగులకు నూరు కిలోలు దాటుతాది, పైన బురద బరువు వేరే. 3 అడుగులకొకటి పెడితే మధ్యలో కడుపు దిగుతాది, నీళ్లు అక్కడే నిల్వ, తుప్పు అక్కడే.

వాలు 10 అడుగులకు అర అంగుళం. షెడ్డుకు రెండు చివరలా పైపులు కదా. నడిమధ్య ఎత్తు పెట్టి అటు 14, ఇటు 14 వదలాల. 14 అడుగులకు ముప్పావు అంగుళం వస్తాది. ముందు రెండు చివరి బ్రాకెట్లు, నడిమిది బిగించి, దారం లాగి మిగతావి దారానికి ఆనించాల. స్పిరిట్ లెవల్‌ను నమ్ముకుంటే అంత చిన్న వాలు దొరకదు. నీళ్ల ట్యూబు పెట్టి మట్టం తీయండి.

రేకు కొస గట్టరు లోపలికి రెండు అంగుళాలే రావాల. ఎక్కువ వస్తే జోరువానకు నీళ్లు గట్టరు దాటి దూకుతాయి, తక్కువైతే రేకు కిందుగా వెనక్కి పారి పర్లిన్ (రేకును మోసే అడ్డ కమ్మీ) తడుస్తాది.

సైట్_ఇంజనీరు

దానికి ఒకటి కలపాలి. రంగు పూత రేకు మీదినుంచి వచ్చే నీరు పూత లేని జీఐ గట్టరులో పడితే, చినుకులు పడే చోట జింకు మామూలు కంటే తొందరగా అరుగుతుంది. గట్టరు లోపల బిటుమెన్ (తారు) పెయింటు రెండు కోట్లు వేయించండి, లేదా షెడ్డుకు వాడిన పూత రేకుతోనే గట్టరు మడిపించండి. సీలెంటు పూర్తిగా ఆరాకే పెయింటు. తాగడానికి ఆ నీళ్లు పట్టుకునే ఉద్దేశం ఉంటే బిటుమెన్ వేయొద్దు, పూత రేకే తీసుకోండి.

గాల్వాల్యూమ్‌కు పచ్చి సిమెంటు పడదు. షెడ్డు రేకు పిట్టగోడకు తగిలే చోట సిమెంటుతో పూడ్చేస్తుంటారు మేస్త్రీలు. ఆరు నెలల్లో అక్కడ రేకు తెల్లబడి పొక్కుతుంది. ఫ్లాషింగ్ రేకు (సందు మీద కప్పే మడత రేకు), సీలెంటుతోనే ఆ సందు మూయాలి.

మిద్దెతోట_కడప

షెడ్డు నీళ్లు మొక్కలకు పట్టుకుంటే బాగుంటుంది కదా? మిద్దె మీదే ట్యాంకు పెడితే మోటారు కూడా అక్కర్లేదు.

పైపులాయన

మంచి ఆలోచన అక్కా. 41.6 చ.మీ. షెడ్డు మీద ఒక 40 మి.మీ. వాన పడితే, కారిపోయింది, ఆవిరైంది పోగా 1400 లీటర్లు. 1000 లీటర్ల ట్యాంకు ఒక్క వానకే నిండుతుంది. కాబట్టి ట్యాంకు కంటే దాని పొంగు పైపు ముఖ్యం. లోపలికొచ్చే పైపు ఎంత సైజో పొంగు పైపూ అంతే ఉండాలి. 4 అంగుళాల పైపుతో నింపి ఒక అంగుళం పొంగు పైపు వదిలితే మూత ఎగిరి స్లాబు మీదికి పారుతుంది.

ఒక చిక్కుంది. షెడ్డు గట్టరు పిట్టగోడ బయట ఉంటుంది. అక్కడినుంచి ట్యాంకులోకి రావాలంటే ట్యాంకు నోరు గట్టరు కంటే కిందుండాలి, పైపు పిట్టగోడ మీదుగా లోపలికి రావాలి. రేకు అంచు పిట్టగోడ పైఅంచు కంటే కనీసం 2 అడుగులు పైనుంటేనే కుదురుతుంది. లేకపోతే ట్యాంకు కింద సందులోనే పెట్టాలి. మిద్దె మీదైతే ట్యాంకును గోడ మీదో బీమ్ మీదో కూర్చోబెట్టండి. నిండితే టన్ను బరువు. స్లాబు నడిమధ్య వద్దు.

మొక్కలకైతే మొదటి నీళ్లు పారబోయాల్సిన పనిలేదు. తాగడానికైతే చదరపు మీటరుకు 1 నుంచి 2 లీటర్లు వదిలేయాలి. మీ షెడ్డు లెక్కకు 40 నుంచి 80. కొందరు 4 అంగుళాల పైపు నిలువుగా మూడడుగులు పెట్టి అదే ఫస్ట్ ఫ్లష్ అంటారు. ఆ పైపులో మీటరుకు 8 లీటర్లే పడతాయి. మన దుమ్ముకు అది ఏ మూలకు? పాత 50 లీటర్ల డ్రమ్ము పెట్టి అడుగున వాల్వు పెట్టుకోండి.

రేగడి_జమ్మలమడుగు

అందరూ ఎర్రమట్టి లెక్క చెప్తున్నారు. మాది నల్లరేగడి. స్లాబు ఇల్లే, పక్కన బండి పెట్టుకునే రేకుల పంచ 20×10, గోడకు ఆనించి దింపినది. గులకరాళ్ల పట్టీ పోయిస్తే చాలా?

సైట్_ఇంజనీరు

మీకు అస్సలు వద్దు. రేగడి తడిస్తే ఉబ్బుతుంది, ఎండితే బీటలు వారి కుంగుతుంది. ఇల్లంతా ఒకేలా ఉబ్బి కుంగితే కొంత నయం. చూరు గీత వెంబడి మాత్రమే తడిసి, ఇంటి కింద పొడిగా ఉంటే ఒక అంచు లేస్తుంది, మధ్య లేవదు. కిటికీ మూలల నుంచి ఐమూలగా వచ్చే బీటలు అవే. గులకరాళ్ల పట్టీ అంటే ఆ నీళ్లను సరిగ్గా పునాది పక్కనే నేలలోకి పంపడమన్నమాట. రేగడిలో అది గుంత తీసి నీళ్లు పోసినట్టే.

మీరు చేయాల్సింది వేరు. పంచకు గట్టరు తప్పనిసరి. 20×10 అంటే 18.6 చ.మీ., 3 అంగుళాల పైపు ఒకటి సరిపోతుంది. ఆ పైపు గోడ పక్కన వదలకుండా నేల మీదుగానో కిందుగానో వీధి కాలువ దాకా తీసుకెళ్లాలి. నేల కిందుగా పోతే అతుకులు రబ్బరు రింగువి వాడండి, నేల కదిలినా తట్టుకుంటాయి. ఇంటి చుట్టూ 4 అడుగుల వెడల్పు ఏప్రాన్ (గోడ పక్కన నేల మీద వేసే కాంక్రీటు పట్టీ) వేసి బయటికి 40కి 1 వాలు ఇవ్వాలి. ఏప్రాన్‌ను గోడకు అతికించొద్దు, అర అంగుళం సందు వదిలి బిటుమెన్‌తో నింపండి. నేల లేచినప్పుడు ఏప్రాన్ లేస్తుంది, గోడను పట్టుకుని లాగదు. గోడ వెంబడి పూలపాదులు పెట్టి నీళ్లు పోయడం కూడా ఇదే కోవలోకి వస్తుంది.

ఇంకుడు గుంత ఇంటికి 15 అడుగులకు తక్కువ దూరంలో వద్దు. పై రేగడిలో తవ్వితే నీళ్లు ఇంకవు, గుంత నిండి కూర్చుంటుంది. కింద గరుసు తగిలేదాకా దిగాలి.

ఎర్రమట్టి

రేగడికి నా మాట వర్తించదు, నిజమే. అనంతపురం వాళ్లకే చెప్పినా.

ఇంకుడు గుంత మాట వచ్చింది కాబట్టి అడుగుతున్నా సార్, కొత్తిల్లు అన్న నాలుగు పైపులూ గుంతలోకే కలిపేయొచ్చా? వాల్టా (నీరు, భూమి, చెట్ల) చట్టం వచ్చినప్పటి నుంచి ప్లాన్‌లో గుంత చూపించాల్సిందే కదా.

సైట్_ఇంజనీరు

కలపొచ్చు, పొంగు దారి ఉంటేనే. 4×4 అడుగులు, 6 అడుగుల లోతు గుంతను కంకరతో నింపితే రాళ్ల సందుల్లో పట్టేది దాదాపు 1100 లీటర్లు. 104 చ.మీ. మీద 40 మి.మీ. పడితే వచ్చేది 3500. ఎర్రమట్టి వాన పడుతుండగానే కొంత తాగుతుంది, అయినా అంతా తాగదు. గుంత పైఅంచుకు అడుగు కింద 4 అంగుళాల పైపు పెట్టి వీధి కాలువకు కలపండి. గుంతకు ముందు 2×2 అడుగుల చిన్న ఛాంబర్ కట్టించండి, ఎర్రబురద అందులో తేరుకుంటుంది. ఛాంబర్ లేకపోతే కంకర సందులన్నీ బురదతో మూసుకుపోతాయి, అప్పుడు మొత్తం తవ్వి కడగాల్సిందే.

కొత్తిల్లు_అనంత

ఇంతవరకు అర్థమైంది రాస్తాను, తప్పుంటే దిద్దండి. స్లాబుకు 110 ఎం.ఎం. పైపులు రెండు, తూర్పు భాగంలో ఉత్తరానికొకటి, దక్షిణానికొకటి. షెడ్డుకు జీఐ 0.8 గట్టరు, ఒక చివర 4 అంగుళాలు, రెండో చివర 3. సిటౌట్‌కు అదే గట్టరు, 3 అంగుళాల పైపు ఒకటి. గట్టరు మీద మొత్తం జాలీ పరిపించాలనుకుంటున్నా, వెనక స్థలంలో వేపచెట్టు ఉంది.

పైపులాయన

జాలీ పరిపించొద్దు. వేపాకు ఈనెలు సన్నం. కొన్ని జాలీలో దూరిపోతాయి, కొన్ని కన్నాల్లో ఇరుక్కుని చాపలా అల్లుకుంటాయి. తర్వాత నీళ్లు జాలీ మీదుగా బయటికి దూకుతాయి, లోపల దుమ్ము అలాగే ఉంటుంది, శుభ్రం చేయాలంటే జాలీ విప్పాలి. పైపు నోట్లో మాత్రం గుండ్రంగా పైకి ఉబ్బిన జాలీ పెట్టండి. బల్లపరుపు జాలీ మీద రెండు ఆకులు పడితే మూసుకుపోతుంది. ఉబ్బినదైతే అడుగు మూసుకున్నా పక్కల నుంచి దిగుతుంది. స్లాబు పైపులకూ అదే.

గట్టరు నుంచి దిగే రేకు గొట్టం పీవీసీ పైపు లోపలికి 3 అంగుళాలు దిగాలి, పైపు మీద తొడగకూడదు. స్లాబు పైపుల దగ్గర 18×18 అంగుళాల చోటు ఒక అంగుళం దించి నున్నగా చేయించండి. స్లాబు నడిమధ్య ఎత్తు పెట్టి రెండు వైపులకూ 100కు 1 వాలు ఇస్తే 14 అడుగులకు 1¾ అంగుళం వస్తుంది. పైపు నోటికి 3 అంగుళాల పైన పిట్టగోడలో 2 అంగుళాల పైపు ముక్క అడ్డంగా బయటికి వదలండి. అందులోంచి నీళ్లు పడుతున్నాయంటే అసలు పైపు మూసుకుందని కిందినుంచే కనిపిస్తుంది.

రేకుపని_ఆదోని

శుభ్రం చేసేది ఎప్పుడంటే, మే చివరన ఒకసారి తుడిచి వదిలేస్తారు చాలామంది. మన దగ్గర దుమ్ము చేరేది ఆ తర్వాతే, జూన్ నుంచి ఆగస్టు గాలులకు. ఆగస్టు చివరి వారంలో తుడిస్తే సెప్టెంబరు వానలకు గట్టరు ఖాళీగా ఉంటాది. తుడిచాక రెండు బకెట్లు నడిమధ్య పోసి చూడండి. ఎక్కడన్నా అర అంగుళం నీళ్లు నిలబడితే ఆ పక్క బ్రాకెట్ కిందికి వంగిందని. నీళ్లు వారం నిలిస్తే దోమలే.

మిద్దెతోట_కడప

కిటికీల మీద కడప బండ సజ్జలు వేస్తున్నారా? వాటికీ గట్టరు కావాలా అని మా దగ్గర అడుగుతుంటారు.

సైట్_ఇంజనీరు

అక్కర్లేదు మేడమ్. సజ్జ అడుగున, ముందు అంచుకు అంగుళంన్నర లోపల, అర అంగుళం గాడి తీయిస్తే నీటిచుక్క అక్కడే తెగి పడుతుంది, గోడదాకా పాకదు. బండ పేర్చకముందే దానికి కటింగ్ మెషిన్‌తో గాడి కొట్టించాలి. సిటౌట్ వాలు స్లాబు అంచుకూ ఇదే గాడి ఉంచండి. పెంకు కింద దూరిన నీళ్లు గట్టరు వెనకనుంచి కారకుండా ఉంటాయి.

కొత్తిల్లు_అనంత

సజ్జలు ఆర్‌సీసీవే, గాడి తీయిస్తాను. షెడ్డు ఫ్రేమ్ వెల్డింగ్ వచ్చే వారం మొదలుపెడతారు. రేకులు వేసేశాక గట్టరు పనివాళ్లను పిలుస్తాను.

రేకుపని_ఆదోని

అట్లా చేయొద్దన్నా, వరస తప్పుతాది. ఫ్రేమ్ అయ్యాక చివరి పర్లిన్‌కు 15 బ్రాకెట్లు బిగించి, గట్టరు కూర్చోబెట్టి, నీళ్లు పోసి వాలు చూసుకున్నాకే రేకులు ఎక్కించాల. ముందు రేకులు వేస్తే బ్రాకెట్ కోసం చివరి వరస స్క్రూలన్నీ విప్పాల్సి వస్తాది. విప్పిన కన్నంలో అదే స్క్రూ మళ్లీ పట్టదు, పక్కన కొత్త కన్నం కొడతారు, పాత కన్నం కారతాది. వెల్డరుకు ఇప్పుడే చెప్పండి, చివరి పర్లిన్ పిట్టగోడకు కనీసం 10 అంగుళాలు బయటుండాల, లేకపోతే గట్టరు పట్టే చోటు మిగలదు.